నీలం గోరు

ఆ రోజు నా చేతికి తుపాకీ ఇచ్చినా ఇంత అనర్థం జరిగేది కాదు. ఇచ్చింది ఒక చిన్న రంగు డబ్బా. అది కూడా నేను అడిగి తీసుకున్నదే. దానితో కల్వకుర్తి దగ్గర ఐదు వందల మంది పనిచేసే పత్తి మిల్లును నేను మూడు వారాల్లో తలకిందులు చేశాను.

ఐదు వందలు కాదు లెండి. మీరు ఎలాగూ ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకుంటారు. అరవై మంది. అంకెలు నా నోట్లోకి వచ్చేసరికి వానలో తడిసిన పత్తిలా బరువెక్కుతాయి. అంకెలు పక్కన పెడితే మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెబుతాను. నా పరువు పోయిన కథలో అబద్ధం కలిపితే నాకు వచ్చే లాభమేముంది?

యాభై ఎనిమిదేళ్ల దాకా గొర్రెలు కాశాను. మోకాళ్లు మొరాయించాక మందను అమ్మేసి ఆ మిల్లులో గేటు వాచ్‌మన్‌గా చేరాను. గేటు పక్కన ఒక ఇనుప కుర్చీ ఉండేది. దానికి ఒక చెయ్యి విరిగిపోయింది, కూర్చుంటే కిర్రుమనేది. అయినా దాంట్లో కూర్చుంటే కలెక్టరు గారికన్నా ఒక మెట్టు పైన ఉన్నట్టుండేది నాకు. నలభై ఏళ్లు గొర్రెల వెనక నడిచినవాడి ముందు లారీలు ఆగి, హారన్ కొట్టి బతిమాలడమంటే మాటలా? నా భార్య యాదమ్మ అదే మిల్లులో గింజల గోదాములో పనిచేసేది. ఆమె తమ్ముడు సాయిలు పత్తి బేళ్లు మోసేవాడు.

కరోనా వచ్చిన రెండో ఏడు, పత్తి సీజను మొదలైన రోజు, మేనేజరు సారు అందరినీ గేటు ముందు నిలబెట్టాడు. సన్నటి మనిషి. మాస్కు పెట్టుకుంటే కళ్లద్దాలకు ఆవిరి పట్టి, ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయనకే తెలిసేది కాదు.

“రెండు సూదులు ఏసుకున్నోళ్లు కాయితం సూపించి లోపలికి పోండ్రి. ఏసుకోనోళ్లు సోమారం సోమారం ముక్కుల పుల్ల పెట్టించుకోవాలె. రెండూ వద్దంటే ఇంటికాడ కూసోవాలె,” అన్నాడు. తర్వాత నా వైపు, అంటే నా పక్కనున్న స్తంభం వైపు తిరిగి, “మల్లయ్యా! సూదీ లేక, పుల్లా లేక ఒక్కడు లోపలికొచ్చిండనుకో, ఆ దినమే నీ కుర్సీ పోతది,” అన్నాడు.

“మీరు ఫికర్ జెయ్యకుండ్రి సార్,” అన్నాను, ఛాతీ విరుచుకుని.

అసలు సంగతి మీ చెవిలో వేస్తున్నాను. నేను అప్పటికి ఒక్క సూది కూడా వేసుకోలేదు.

పిరికివాణ్ని అనుకోకండి. అమ్రాబాద్ అడవి అంచున చిరుతను తరిమిన చెయ్యి ఇది. (తరిమింది మా కుక్క. నేను చెట్టెక్కి దానికి ధైర్యం చెప్పాను.) కానీ సూది వేరు. ఒకసారి పశువుల డాక్టరు మా మందకు చిటుక రోగం టీకాలు వేస్తున్నాడు. నేను ఒక పొట్టేలును కాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాను. సరిగ్గా సూది దిగే సమయానికి అది ఎగిరింది. సూది నా తొడలో దిగింది. మూడు రోజులు కుంటుతూ నడిచాను. ఊళ్లో పిల్లా పెద్దా అంతా నన్ను చూసి “మే” అన్నారు. నాలుగో రోజు పచ్చటి జనుము చూస్తే నిజంగానే నాకు నోట్లో నీళ్లూరినట్టయింది.

పుల్ల అయినా తేలికా అంటే, అదీ లేదు. మొదటి సోమవారం గేటు దగ్గర నుంచి నా కళ్లతో చూశాను. సర్కారు దవాఖాన నుంచి వచ్చిన నర్సమ్మ ఒకడి ముక్కులో పుల్ల పెట్టింది. అది పోతూనే ఉంది, పోతూనే ఉంది. తల వెనక నుంచి ఎక్కడ బయటికొస్తుందోనని నేను అటు వైపు వెళ్లి చూశాను కూడా.

సరిగ్గా అప్పుడే సాయిలు అందరి ముందూ అడిగాడు. “బావా, మరి నువ్వేసుకున్నవా?”

“నన్నడుగుతున్నవారా? పట్నంల పెద్ద దవాఖాన. ఏడంతస్తులు. నేను పోంగనే పెద్ద డాక్టరే లేసి నిలబడ్డడు. ‘మల్లయ్యా, నొప్పి గాకుండ ఏస్త,’ అన్నడు. ‘కానియ్యి డాక్టరు సాబ్, మనం జూడని నొప్పా!’ అన్న.”

“రెండూ అయినయా?”

“రెండేంది, మూడోది గూడ ఏస్తమన్నరు. బీదోళ్లకు ఉండనియ్యుండ్రి అని నేనే వద్దన్న.”

అందరూ నోళ్లు తెరిచి విన్నారు. మాస్కులుండటం వల్ల కనబడలేదు కానీ, తెరిచే ఉంటారు.

“కాయితమేది మరి?”

“కాయితం జూసేటోడు కాయితం జూపిస్తడారా? పోలీసోడు తనను తానే అరెస్టు జేసుకుంటడా?”

ఈ న్యాయం ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. నాకు కూడా.

ఇక పొద్దున్నే గేటు దగ్గర జాతర మొదలైంది. ఒకడి ఫోనులో చార్జింగు ఉండదు. ఒకడికి మెసేజి దొరకదు. ఒకామె సర్టిఫికెట్ అనుకుని వాళ్ల బర్రె ఫోటో చూపించింది. బర్రె బాగుంది కానీ దానికి రెండు డోసులు పడ్డట్టు ఎక్కడా రాసి లేదు. ఎనిమిదింటికి పోవలసిన జనం పదింటికి కూడా గేటు బయటే.

“గిట్లయితే మిషిను ఎప్పుడు తిరగాలె మల్లయ్యా?” అని మేనేజరు తల పట్టుకున్నాడు.

అప్పుడు నాలోని గొర్రెల కాపరి నిద్ర లేచాడు. వాడు పడుకునే ఉంటే ఎంత బాగుండేదో!

“సార్, గొర్ల డాక్టరొచ్చినప్పుడు మేమేం జేస్తమో ఎరుకేనా? సూది పడ్డ గొర్రె వీపు మీద నీలం గీత కొడ్తం. మళ్ల దాని దిక్కు సూడం. గట్లనే, ఒక్కపారి కాయితం జూసి బొటనేలు గోటికి గింత నీలం పెడ్త. రేపటి సంది గోరు జూసుడు, గేటు తీసుడు.”

“మనుషులను గొర్లను జేస్తవా?”

“ఓటేసినప్పుడు వేలికి సిరా పెడ్తలేరా సార్? అప్పుడు ఎవలన్న మే అంటున్నరా?”

మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మొదటిసారి నన్ను నేరుగా చూశాడు. ఆ సాయంత్రానికే మా ఇంటి అటక మీద మిగిలిపోయిన గొర్రెల రంగు డబ్బా గేటు దగ్గరికి వచ్చింది. ఆ రంగు సంగతి నాకు తెలుసు. వానలకు పోదు, సబ్బుకు పోదు. గోరు పెరిగి కత్తిరిస్తేనే పోతుంది.

రంగు బాగా పడుతుందో లేదో చూద్దామని ముందుగా నా ఎడమ బొటనవేలి గోటికే పూసుకున్నాను. చూడటానికే. ప్రమాణంగా చూడటానికే.

చాలా బాగా పడింది.

మర్నాడు సాయిలు నా గోరు చూసి, చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లాడు. “పట్నం ఎప్పుడు పోయినవ్ బావా? లాక్‌డౌన్ల నెల దినాలు మనిద్దరం మీ ఇంట్లనే అష్టచెమ్మ ఆడినం. గా ఏడంతస్తుల దవాఖాన మా అక్క వంటింట్ల ఉన్నదా?”

“మెల్లగ మాట్లాడు రా!”

“మెల్లగనే మాట్లాడుత. నాకు గూడ ముక్కు గెలికిచ్చుకునుడు పడ్తలేదు. జర గింత నీలం పెట్టు.”

పెట్టాను. ఏం చేస్తాను? సాయిలుకు పెట్టాక వాడి దోస్తుకు. వాడు మంచివాడే, సూది చూస్తే కళ్లు తిరుగుతాయట. తర్వాత వాడి పక్కన బేళ్లు మోసేవాడికి. తర్వాత పొద్దున్నే నాకు చాయ్ తెచ్చిచ్చే డ్రైవరుకు. ప్రతివాడికీ ఒక బలమైన కారణం ఉండేది, నా దగ్గర ఒక బలమైన రంగు ఉండేది. మూడు వారాలయ్యేసరికి నాతో కలిపి ఉత్త నీలం గోర్లు పన్నెండయ్యాయి.

అటు సోమవారం లైను చిక్కిపోతూ వచ్చింది. అది చూసి మేనేజరు ఉబ్బిపోయాడు. “మన మిల్లుల అందరు సూదులు ఏసుకుంటున్నరు! అంతా మల్లయ్య తెలివి!” అని, వచ్చే సోమవారం నాకు శాలువా కప్పాలని నిర్ణయించాడు. నేను వద్దనలేదు. శాలువా ఏ రంగుదని మాత్రం అడిగాను.

ఆ సోమవారం పొద్దున అందరూ మిల్లు ముందు చేరారు. మేనేజరు నాకు శాలువా కప్పాడు. ఎర్రటి శాలువా, బంగారు అంచు. చప్పట్లు మొదలవబోతుండగా నర్సమ్మ సంచిలోంచి ఒక కాగితం తీసింది.

“సార్, చప్పట్ల ముందు ఒక్క చిన్న పని. కంప్యూటర్ల రెండు సూదులు పడ్డట్టున్న పేర్లు తెచ్చిన. పేరు పిలుస్తా, గోరు చూపించండి.”

ఒక్కొక్క పేరే పిలిచింది. ఒక్కొక్క నీలం గోరే పైకి లేచింది. యాదమ్మ గోరు కూడా లేచింది, అది అసలైన నీలం. కాగితం అయిపోయింది.

“పేరు పిలవనోళ్లల్ల ఎవరికన్నా నీలం ఉన్నదా?” అంది నర్సమ్మ.

పదకొండు చేతులు జేబుల్లోకి, కొంగుల కిందికి, వీపుల వెనక్కి వెళ్లిపోయాయి. నా చెయ్యి దానంతట అదే శాలువా లోపలికి దూరింది.

“అందరు చేతులు బయటికి తియ్యుండ్రి!” అని మేనేజరు అరిచాడు. వరుసగా చూసుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు. “పన్నెండు మంది ఎట్ల పెరిగిండ్రు మల్లయ్యా?”

నా జీవితంలో సాయంత్రం మందను లెక్కపెడితే గొర్రెలు తగ్గడం చూశాను. పెరిగితే ఏం చెప్పాలో ఎప్పుడూ నేర్చుకోలేదు.

“సార్, ఒక్కోపారి పక్క మంద గొర్లు వచ్చి కలుస్తయి...”

“బావా, నీకు దండం పెడ్త, నిజం జెప్పు,” అన్నాడు సాయిలు. “బేళ్లయినా మోస్తగని నీ అబద్దం మోసుడు నాతోని అయితలేదు.”

చెప్పేశాను. ఏడంతస్తులూ ఒక్కొక్కటిగా కూల్చాను. లేచి నిలబడ్డ పెద్ద డాక్టరును కూర్చోబెట్టాను. మూడో సూదిని బీదవాళ్ల దగ్గర నుంచి వెనక్కి తీసుకున్నాను. మేనేజరు నా భుజాల మీది శాలువా తీసి, మడతపెట్టి, చంకలో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

“పన్నెండు మందికీ ఇప్పుడే పుల్ల, ఇప్పుడే సూది,” అంది నర్సమ్మ. “ముందు పెద్దాయన.”

“నాకు షుగరున్నదమ్మా,” అన్నాను ఆశగా.

“షుగరుంటే ఎప్పుడో రావాలె తాతా. రాండ్రి.”

పుల్ల పెట్టింది. సూది వేసింది. నేను సింహంలా కూర్చున్నాను. సరే, సాయిలు నా కాళ్లు పట్టుకున్నాడు, డ్రైవరు భుజాలు పట్టుకున్నాడు, నేను వేసిన కేకకు రోడ్డు మీద పోయే బస్సు ఆగిందని ఇప్పటికీ అంటారు. ఆర్డినరీ బస్సు, ఎలాగూ ఆగేదే.

ఆ తర్వాత పావుగంట మాత్రం నాకు నవ్వు రాలేదు. బల్ల మీద పన్నెండు చిన్న పట్టీలు పరిచి పెట్టారు. రెండో గీత వస్తే రోగం ఉన్నట్టట. సాయిలు రెండు రోజులుగా దగ్గుతున్నాడు. వాడు బేళ్లు మోసే దారిలోనే యాదమ్మ గింజలు ఏరుతుంది. ఆ పావుగంటలో కుర్చీ సంగతి కూడా మరిచిపోయాను. పన్నెండింటి మీదా ఒక్కొక్క గీతే నిలిచింది. సాయిలుది పత్తి దుమ్ముకు వచ్చిన దగ్గు.

ప్రాణం కుదుటపడగానే నాకు కోపం వచ్చింది. “నర్సమ్మకు ఎవడు జెప్పిండు?” అని సాయిలు వైపు చూశాను.

“నేనే జెప్పిన,” అంది యాదమ్మ.

“నీకెట్ల తెలిసె? నీకు నేనేం జెప్పలె గద!”

“గందుకే తెలిసింది. కాలుకు ముల్లు గుచ్చితే నెల దినాలు చెప్తవ్. రెండు సూదులు ఏసుకోని ఇంట్ల ఒక్కనాడన్న అబ్బా అనకుంట ఊకుంటవా?”

మిల్లంతా నవ్వింది. మేనేజరు కళ్లద్దాలకు మళ్లీ ఆవిరి పట్టింది.

“నా కుర్సీ పోతది గదనే!”

“నువ్వే పోతే గా కుర్సీని నేనేం జేసుకోను?”

ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆమె నాతో అంత మెత్తగా మాట్లాడింది అదే మొదటిసారి. కుర్చీ పోతే పోయింది, ఇటువంటి భార్య ఉంది చాలు అనుకుంటూ ఇంటికి వెళ్లాను.

కుర్చీని ఏం చేసుకుంటుందో మర్నాడు తెలిసింది. కూర్చుంది. “గేటు కాడ అబద్దం పట్టేటోళ్లు గావాలె,” అని మేనేజరు వాచ్‌మన్ పని యాదమ్మకు ఇచ్చాడు. నన్ను గింజల గోదాముకు పంపాడు. పైగా రెండో సూది పడేదాకా నాకు సోమవారం సోమవారం పుల్ల.

“ఎవలు?” అంది, నేను గేటు దగ్గరికి రాగానే.

“ఎవలేంది? నీ మొగుణ్ని.”

“మాస్కు మీదికి గుంజు. లైన్ల నిలబడు.”

“ఇప్పుడే గదనే నాకు చాయ్ పోసినవ్!”

“గది ఇల్లు. గిది గేటు.”

నా వెనక పదకొండు మంది పడీపడీ నవ్వారు. నిజం చెప్పనా? నాకు కూడా నవ్వొచ్చింది. ఆ కుర్చీలో ఆమె నాకన్నా బాగుంది. దాన్ని కిర్రుమననివ్వలేదు.

కాబట్టి ఇది చదివే పెద్దలందరి సాక్షిగా, రెండు సూదులు పడిన ఈ ఎడమ భుజం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. బతికున్నంత కాలం ఏ మనిషి గోటికీ రంగు పూయను. పడని సూదిని పడిందని మిల్లులో చెప్పి, ఇంట్లో నోరు మూసుకుని కూర్చునే తప్పు ఇంకెప్పుడూ చేయను. ఈసారి ఇంట్లో కూడా నెల రోజులు మూలుగుతాను.