చాప మీద మాస్టారి చోటు

మా మాస్టారు పోయారు. ఆ సంగతి నాకు పాల్వంచ దాటాక బస్సులో తెలిసింది. ఫోన్‌లో ఆయన భార్య గొంతు ఏడుస్తున్నట్టు కూడా లేదు, అలసిపోయినట్టు ఉంది. "పొద్దున చాయ్ పెట్టి పిలిస్తే లేవలేదు తల్లీ. నిద్రలనే పోయిన్రు. నువ్వు రా," అంది. బూర్గంపాడులో ఆయన ఇంటికి పోవాల్సిన దాన్ని, ముందు గోదావరి దాటి భద్రాచలం కోర్టుకు వెళ్ళాను. వాయిదా ఉంది మరి. ప్లీడరు బతుకు ఇంతే, సొంత మనిషి పోయినా ముందు వాయిదా చూసుకోవాలి. కేసు పిలిచారు, అవతలి ప్లీడరు రాలేదన్నారు, మళ్ళీ వాయిదా వేశారు. రెండు నిమిషాల పని. దాని కోసం ఆగి, ఆయన ఇంటికి మధ్యాహ్నం దాటాక చేరాను.

ఖమ్మంలో ఆయన మాకు లా చెప్పారు. అంతర్జాతీయ న్యాయం, రకరకాల దేశాల న్యాయ పద్ధతులను పోల్చి చూడడం, ఈ రెండు పేపర్లూ ఆయనవే. ఎవరికీ పట్టని పేపర్లు. గైడు కొనుక్కుని ముందు రోజు చదివితే గట్టెక్కేవి. ఆయన మాత్రం భుజాన ఆకుపచ్చ అంచు తువ్వాలతో, దాని కొసతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, రోజూ గంట కొట్టకముందే క్లాసులో ఉండేవారు. లెక్చరర్‌కి తువ్వాలేమిటని మేం వెనక నవ్వుకునేవాళ్ళం. ఆయనది పెనుబల్లి దగ్గర రైతు కుటుంబం. పొలం పోయినా తువ్వాల పోలేదని ఆయనే అనేవారు.

ఒకరోజు నేనే లేచి అడిగాను. "సార్, మేం సత్తుపల్లి కోర్టు దాటి పోయేటోళ్ళం కాదు. మాకెందుకు సార్ అంతర్జాతీయ న్యాయం?"

"దేశాల మీద పోలీసోడు ఎవడన్న ఉన్నడా అమ్మా?"

"లేడు సార్."

"మరి వాటి మధ్య మాట ఎట్ల నిలబడుతుంది?"

"ఏడ నిలబడుతుంది సార్, రోజూ పేపర్ల చూస్తలేమా," అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. "కొన్ని నిలబడుతున్నయ్. పోలీసు లేకుండ నిలబడేటివి ఎట్లుంటయో చూపిస్త. ఆదివారం బస్సెక్కండి," అన్నారు.

నలుగురమే వెళ్ళాం. బూర్గంపాడు దాటి, రోడ్డు వదిలి అడవిలోకి నడిస్తే ఒక గూడెం. అక్కడ ఆ రోజు ఒక తగువు మీద అందరూ కూర్చున్నారు. పెద్ద చాప, చుట్టూ మనుషులు. మాట్లాడేది కోయలో, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. గూడెం పెద్ద అప్పుడప్పుడూ మా వైపు తిరిగి తెలుగులో రెండు మాటలు చెప్పేవాడు. తగువున్న ఇద్దరిలో ఒకడు జ్వరంతో మంచాన ఉన్నాడట. అతని తువ్వాల తెచ్చి చాప మీద అతను కూర్చునే చోట పెట్టారు. ఇక అందరూ ఆ తువ్వాల వైపు చూసే మాట్లాడారు, అతనే అక్కడ కూర్చున్నట్టు. ఒకడు గొంతు పెంచితే గూడెం పెద్ద ఆ తువ్వాల చూపించి నెమ్మదిగా అనమన్నాడు. ఓట్లు లేవు, తీర్పు లేదు. అందరూ ఒక మాటకు వచ్చేదాకా కూర్చోవడమే. పొద్దు వాలాక ఒక మాటకు వచ్చారు. అప్పుడు ఒక గిన్నెలో జావ తెచ్చారు. ఆ ఒక్క గిన్నే చేతులు మారుతూ చాప చుట్టూ తిరిగింది. తగువు పడ్డవాళ్ళూ అందులోదే తాగారు. జావ తాగాక ఆ తగువు గురించి మళ్ళీ ఎవరూ నోరెత్తకూడదు. ఇంట్లో పెళ్ళాంతో కూడా అనకూడదు. ఆ గూడెం కట్టుబాటు అది.

తిరుగు బస్సులో నిలబడే వచ్చాం. మాస్టారు పైన కడ్డీ పట్టుకుని క్లాసు మొదలుపెట్టారు. "మన కోర్టుల మనిషి రాకుంటే ఎక్స్‌పార్టీ అని తేల్చేస్తం. వాళ్ళు రాని మనిషికి చోటు ఇడిచిన్రు, చూసిన్రా? అరబ్బు ఊళ్ళల్ల గూడ తగువు తెగినంక రెండు దిక్కులోళ్ళు కలిసి చేదు కాఫీ తాగుతరంట. ఎవళ్ళకు ఎవళ్ళు నేర్పలే." నాకు కాళ్ళు పీకుతున్నాయి. ఇది పరీక్షకు వస్తుందా అని అడిగాను. "రాదమ్మా," అన్నారు చాలా సంతోషంగా.

ఆ తర్వాత ఆయన ఏళ్ళ తరబడి ఆ గూడెం పోయారు. రిటైరయ్యాక ఇల్లు బూర్గంపాడుకు మార్చింది కూడా అందుకే. గూడెం పెద్ద మాస్టారికి చాప మీద చోటిచ్చాడు, ఒక షరతు పెట్టి. "ఇను సారూ, ఎంతన్న ఇను. ఈడి మాట ఈడనే ఉండాలె." మాస్టారు అవ్ అన్నారు. కానీ ఇంటికి వచ్చి అంతా రాసుకునేవారు. రాయకపోతే ఇదంతా పోతుందేమోనని ఆయన భయం. చదువుకున్నవాడి జబ్బు అది, విన్నది కాగితం మీద కనిపిస్తే తప్ప ఉన్నట్టు అనిపించదు. ఆ నల్ల అట్ట నోటుబుక్కు సంగతి ఆయన భార్యకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో.

ఆ గూడెంలోనే ఒక అవ్వ ఉంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. అవ్వ బతికినంత కాలం భర్త చేను తనే చేసుకోవాలని, ఆ తర్వాత మరిది కొడుక్కి పోవాలని మాస్టారు కూడా ఉండగా ఎప్పుడో కూర్చుని తేల్చారు. జావ తాగారు. మరిది పోయాక, టౌన్‌లో డ్రైవరుగా చేస్తున్న అతని కొడుకు కోర్టుకెక్కాడు. తమ ఆచారంలో ఆడవాళ్ళకు భూమి లేదని, చేను ఇప్పుడే తనకు ఇప్పించాలని. అవ్వ తరఫున నేను. అక్కడివాళ్ళ వారసత్వం వాళ్ళ ఆచారం ప్రకారమే నడుస్తుంది, కోర్టూ ఒప్పుకుంటుంది. కాకపోతే ఆ ఆచారం ఏమిటో సాక్ష్యంతో రుజువు చేయాలి. నేను గూడెం పోయి, వచ్చి సాక్ష్యం చెప్పమని పెద్దను బతిమాలాను.

"తెగిన మాట ఎత్తుమంటవా బిడ్డా?"

"అతను ఎత్తిండు కద పెద్దా. కట్టు తప్పింది అతనే కద."

"వాడు తప్పిండని మేం గూడ తప్పాల్నా?"

ఎన్ని వాయిదాలు తిరిగినా ఒక్కరూ బోనెక్కలేదు. చివరికి నేను మాస్టారి ఇంటికి వెళ్ళాను. నోటుబుక్కు అడిగాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడిచారు.

"అది కోర్టుకు పోతే నేను గూడేనికి పోలేనమ్మా."

"సార్, అవ్వకు చేను పోతుంది సార్. ఆ చేను తప్ప ఆమెకేం లేదు."

నేను అన్నది అబద్ధం కాదు. కానీ నిజం చెప్పాలంటే అప్పటికి ఆ కేసుతో విసిగిపోయి ఉన్నాను. ఎలాగైనా తెగితే చాలనిపించింది. మాస్టారికి పోయేదేమిటో ఆలోచించే ఓపిక నాకు లేదు.

ఆయన వచ్చారు. బోనెక్కారు. "మీరు ఆ కులం మనిషి కాదు కదా, మీకెలా తెలుసు?" అని అవతలి ప్లీడరు గద్దించాడు. "కూర్చున్నాను. విన్నాను," అన్నారు. జడ్జి చదవమంటే నోటుబుక్కు తెరిచి, ఆ రోజు ఎవరెవరు ఏమన్నదీ పేర్లతో సహా చదివారు. క్లాసులో అంత గొంతున్న మనిషి, ఆ రోజు రెండుసార్లు గట్టిగా చదవమని చెప్పించుకున్నారు. గూడెం పెద్ద తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తన పేరు వచ్చినప్పుడు తువ్వాల భుజాన వేసుకుని బయటికి నడిచాడు. కేసు గెలిచాం. తోటి ప్లీడర్లు చెయ్యి కలిపారు. నేను లడ్డూలు పంచాను కూడా.

తర్వాత మాస్టారు రెండుసార్లు గూడెం వెళ్ళారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మంచం వాల్చారు, మంచినీళ్ళిచ్చారు, మోకాళ్ళ నొప్పి ఎట్లుందని అడిగారు. చాప వేసి కూర్చున్నాక మాత్రం ఆయన లేచి వెళ్ళేదాకా ఎవరూ నోరు విప్పలేదు. రెండోసారి ఆయనకు అర్థమైంది. మళ్ళీ వెళ్ళలేదు. నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "నీ దగ్గరనే ఉండనియ్," అన్నారు. ఖానాపురం హవేలిలో మా ఇంట్లో, బీరువా అడుగున, కేసు కట్టల కింద ఉండిపోయింది అది.

నన్ను ఎన్నడూ నిందించలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఎప్పుడు వెళ్ళినా చాయ్ ఇప్పించి, ఏ కేసు చెప్పినా "అవతలి మనిషి ఏమంటున్నడు?" అని అడిగేవారు, క్లాసులో అడిగినట్టే. అవ్వ పంట చేతికొచ్చినప్పుడల్లా ఇన్ని కందులో బొబ్బర్లో ఆయన గుమ్మంలో పెట్టి పోయేది. ఆయన వాటిని చేత్తో కదుపుతూ, "గూడెంల అంత మంచిదేనా?" అని అడిగేవారు. "మంచిదే సారూ," అని అవ్వ తల దించుకునేది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని గూడెం వైపు పోయే ఆటోల్లో తెలిసిన మొహం కోసం చూసేవారని ఆయన భార్య చెప్పింది. నేను అది విని కూడా ఏం చేయలేదు. ఏదో ఒక వాయిదా ఉండేది.

పెద్దకర్మ రోజు షామియానా వేశారు, కుర్చీలు వేశారు. నేను నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్ళాను, ఎందుకో నాకే తెలియదు. భోజనాలు మొదలవబోతుండగా గేటు ముందు రెండు ఆటోలు ఆగాయి. గూడెం పెద్ద దిగాడు, నడుము వంగిపోయింది. వెనక అవ్వ, ఇంకో పదిమంది. కేసు వేసిన ఆ డ్రైవరు కూడా ఉన్నాడు. కుర్చీలు చూపిస్తే వద్దన్నారు. పెరట్లో గచ్చు మీద తాము తెచ్చిన చాప పరిచారు. గూడెం పెద్ద, మాస్టారి భార్య దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, సారు తువ్వాల ఉందా?"

ఆమె లోపలికి వెళ్ళి ఆకుపచ్చ అంచుది తెచ్చింది. ఉతికి మడతపెట్టి ఉంది. అందాక నిబ్బరంగా ఉన్న మనిషి, దాన్ని ఇస్తూ ఏడ్చింది. పెద్ద రెండు చేతులా అందుకుని చాప మీద తన పక్కనే పెట్టాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నువ్వు గూడ కూసో బిడ్డా. ఇది ఇద్దరి తప్పు."

నేను వెళ్ళి తువ్వాల పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. అన్నందుకు ప్రాణం హాయిగా అనిపించింది.

ఈ నాలుగు మాటలు రాయాలని ఉందని ఆ తర్వాత పెద్దను అడిగాను. "కూసునేదాక జరిగింది నీది, రాసుకో. కూసున్నంక అన్న మాటలు అందరియి," అన్నాడు. అందుకని అక్కడ ఎవరేమన్నదీ, ఏం తేల్చిందీ మీకు చెప్పను. నోటుబుక్కు ఏమైందని కూడా అడగకండి. చాలాసేపు కూర్చున్నామని మాత్రం చెప్పగలను. షామియానా కింద వడ్డించిన విస్తళ్ళు చల్లారిపోయాయి, ఎవరూ లేవమని అనలేదు.

చివరికి అవ్వ ఇంటి నుంచి తెచ్చిన జావ గిన్నెలో పోసింది. గిన్నె ఆ డ్రైవరు నుంచి అవ్వకు, అవ్వ నుంచి పెద్దకు వచ్చింది. పెద్ద ఒక గుక్క తాగి, గిన్నెను తువ్వాల ముందు పెట్టాడు. ఒక మనిషి తీరిగ్గా తాగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ గిన్నె అక్కడే ఉంది. తర్వాత నా చేతికి వచ్చింది.