నూతిలో పిల్ల, కాగితం వెనక చెయ్యి

మొన్న మోకా ఊళ్ళో పాత పుస్తకాల సంత పెడితే వెళ్ళాను. పాత బొమ్మల కథల పత్రికలూ, వాటిలోంచి ఊడిపోయిన విడి పేజీలూ పోగుచేసే అలవాటు నాకు బడిపంతులమ్మగా ఉన్న రోజులనుంచీ ఉంది. ఈ రోజుల్లో ఒక్కొక్క పేజీనీ ప్లాస్టిక్ సంచిలో దూర్చి, నలగకుండా వెనక అట్ట దన్ను పెట్టి అమ్ముతున్నారు. నేను ముందుగా ఆ అట్ట తీయమంటాను. అమ్మే ఆయన నవ్వి, అందరూ ముఖం చూసి కొంటారు, మీరేమిటమ్మా వీపు చూసి కొంటారు అన్నాడు. బజారులో నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవడం మా ఇంటా వంటా లేదు. కానీ ఆ దొంతరలో ఒక పేజీ కనబడగానే చెయ్యి ఆగిపోయింది. దాని ముఖం నాకు కంఠతా వచ్చు. ఎండిపోయిన నూతి అడుగున ఒక పిల్ల నిలబడి, పైన రూపాయి బిళ్ళంత ఆకాశం కేసి చూస్తూ ఉంటుంది. అట్ట తీయమని అడగకుండానే, అడిగిన ధర ఇచ్చి, ఇంటికి తెచ్చుకున్నాను.

మాది ఈ ద్వీపంలోనే బ్రిజే వెర్దియేర్ అనే ఊరు. మా తాతగారు చెరకు ఎస్టేటులో సర్దారుగా కూలీల మీద పెత్తనం చేసి, ఆనక సొంతాన చెరకు భూమి కొని, ఊళ్ళోకెల్లా ఎత్తయిన కలప ఇల్లు కట్టించారు. ఆయన పోయాక అన్నదమ్ముల వ్యాజ్యాల్లో ముందు భూమీ, వెనక ఇల్లూ పోయాయి. ఆ ఇల్లు కొన్నది ఎవరో కాదు, ఒకప్పుడు మా చెరకు బండి తోలిన మనిషే. ఊరి వరసన నాకు మామ. అమ్మానాన్నలు లేని నేనూ, నన్ను పెంచిన నానమ్మా అదే పెరటికి అవతల ఒక రేకుల ఇంట్లో చేరాం. మన అన్నం తిని మన ఇల్లు తిన్నాడు అని నానమ్మ రోజూ దీపం పెట్టే వేళ ఒకసారి అనేది. ఆ గడప ఇక తొక్కనని ఒట్టు కూడా పెట్టుకుంది.

రామభజన ఒక్కదానికే మినహాయింపు, అదీ నాకు. మామ ఇంట శనివారం సాయంత్రాలు భజన జరిగేది. దీపం పిలిస్తే పోవాలి, ఇల్లు పిలిస్తే పోనక్కర్లేదు అని నానమ్మ సిద్ధాంతం. నూనె గిన్నె నా చేతికిచ్చి పంపి, తాను మా గుమ్మంలో కూర్చుని, వెన్ను వంచకుండా, అక్కడినుంచే వినేది.

కలప ఇళ్ళ సంగతి మీలో నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. పలకల సందుల్లోంచి గాలి కొడుతుంది, గోడలకు కాగితం అతికించాలి, మైదా ఉడికించి బొద్దింకలు ముట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలపాలి. మామ భార్య, నాకు అత్త, తెల్లదొర బంగళాలో పిల్లల్ని ఆడించే పనికి వెళ్ళేది. ఆ పిల్లలు చదివి పారేసిన ఫ్రెంచి బొమ్మల పత్రికలు మోసుకొచ్చి, విప్పి, పటసాల గోడలనిండా అతికించేసింది. తాతగారి పటం వేలాడిన చోట ఇప్పుడు నూతిలో పిల్ల ఉంది. మధ్యలో దీపం, దాని చుట్టూ పాడుతూ తిరిగేవాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలం. మొదటి ప్రదక్షిణమంతా నేను ఆ గోడకేసి కన్నెత్తి చూడలేదు. రెండోదానికి చూశాను. ఆ తరవాత చుట్టుకొక బొమ్మ చొప్పున చదవడమే.

చిక్కేమిటంటే, కాగితానికి ఒక ముఖమే కనిపిస్తుంది, రెండోది గోడకు అంటుకుని ఉంటుంది. గుమ్మం పైనున్న కాగితంలో ఆ పిల్ల, తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ, మచ్చ ముఖం ఉన్న దారి చూపేవాడి వెంట ఎడారి శిథిలాల్లోకి వస్తుంది. తరవాతి కాగితంలో నూతిలో ఉంటుంది. ఆ తరవాతి దాంట్లో నడుముకు తాడుతో ఒంటె మీద పోతూ ఉంటుంది. ఎలా పడిందో, ఎలా పైకొచ్చిందో రెండూ గోడకే తెలుసు.

ఇంటికొచ్చి నానమ్మకు చెప్పాను. ఆవిడకు చదువు రాదు గాని ప్రశ్న వేస్తే న్యాయవాది నిలవలేడు. ఎవరో గొర్రెల కాపరి తాడు వేశాడని నేను కల్పించి చెబితే ఆవిడ ఒప్పుకోలేదు.

"అది కాగితంలో లేదు, నువ్వు కట్టి చెప్తన్నావు. ఎడారిలో గొర్రెలేం తింటాయే?"

అది మొదలు మా రేకుల ఇంట్లో పప్పు వేగుతున్నా, బియ్యం ఏరుతున్నా ఆ పిల్లదే ధ్యాస. జారిపడి ఉంటుందని నానమ్మ, కళ్ళు తిరిగి ఉంటాయని నేను. పైకి లాగినది ఆడదే అయ్యుండాలని ఆవిడ పట్టు, ఎందుకంటే మగవాడు నూతిలోకి తొంగిచూడడట. పోయి అత్తను అడుగుదామా అంటే మాత్రం ముఖం ముడుచుకునేది. మన ఇంట్లో పెట్టడమే గాని అడగడం లేదని నేను ఉగ్గుపాలతో నేర్చుకున్నదే.

అలా ఉండగా మా ద్వీపానికి స్వాతంత్ర్యం వస్తోందన్నారు. ఊరంతా సున్నాలూ రంగులూ. కొత్త జెండాకు కొత్త గోడలుండాలని అత్త, ఆదివారం కాగితాలన్నీ గీకి పారేసి రంగు వేయిస్తామని చెప్పింది. ఆ మాట నేను ఆ రాత్రే మోసుకొచ్చి నానమ్మకు చెప్పాను. ఆదివారం పొద్దున్నే ఆవిడ తెల్లచీర ఇస్త్రీ మడతతో కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, పెరడు దాటి, ఆ గడప తొక్కింది.

లోపల మామ గీకుడు పార పట్టుకుని ఉన్నాడు. గుమ్మం పైనున్న కాగితం అప్పటికే పీలికలై నేలమీద ఉంది. నానమ్మను చూడగానే పాత అలవాటున గడ్డి టోపీ తీసి పక్కకు జరిగాడు. అత్త బెంచీ లాగి, "ఆసీజ్, పెద్దమ్మా, ఆసీజ్," అంటూ కొంగుతో దులిపింది.

"కూకోడానికి రాలేదు," అంది నానమ్మ. "నూతిలో పిల్లని ఎవరు తీసేరో చూసి పోతాను."

మామ ముఖం పాలిపోయింది. ఎవరి పిల్ల అని కూడా అడగలేదు. పార కింద పడేసి, "తాడు తెస్తానుండండి," అంటూ పెరట్లోకి పరుగెత్తాడు. బండి తాడు భుజాన వేసుకుని రొప్పుతూ తిరిగొచ్చేసరికి అత్త గోడకు ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది. నానమ్మ నవ్వలేదు. ఆ తాడునూ, ఆ మనిషినీ కాసేపు చూసింది.

అత్త వేడినీళ్ళలో గుడ్డ తడిపి కాగితం మీద పరిస్తే, మామ గోటితో అంచు లేపాడు. నానమ్మ పక్కన నిలబడి, మెల్లగా, మెల్లగా అంటూనే ఉంది. కాగితం వచ్చింది, సగమే. దాని వెనక ఒక తాడూ, తాడు కిందికి వదులుతున్న ఒక చెయ్యీ మోచేతిదాకా కనిపించాయి. మిగతా మనిషి గోడ పలకకే అంటుకుని, గుడ్డ తగిలితే ముద్దయిపోయాడు.

"పని చేసిన చెయ్యే," అంది నానమ్మ, చాలాసేపు చూసి. అప్పుడు బెంచీ మీద కూర్చుంది. అత్త ఇచ్చిన తేనీరు తాగింది. తిరిగొచ్చేటప్పుడు ఒట్టు సంగతి గుర్తుచేస్తే, వెళ్ళింది ఆ పిల్ల కోసం గాని ఆ ఇంటికోసం కాదంది. కానీ ఇల్లు తిన్నాడన్న మాట మళ్ళీ ఆవిడ నోట నేను వినలేదు. తరవాతి శనివారం నూనె గిన్నె తానే పట్టుకుంది.

ఆ కలప ఇల్లు ఇప్పుడు లేదు, సిమెంటుది లేచింది. నానమ్మా లేదు, మామా లేడు. ఇన్నేళ్ళుగా పేజీల వీపులు నేనెందుకు చూస్తున్నానో సంతలో ఆయనకు చెప్పవలసిందేమో. ఈ ఉదయం కిటికీ దగ్గర కూర్చుని అట్ట తీశాను. తాడు ఉంది, చెయ్యి ఉంది, చేతి పైన మనిషీ ఉన్నాడు, ఆ మచ్చ ముఖం వాడే. నిన్ను తోసింది నేనే, నన్ను క్షమించు అంటున్నాడు.

ఎదురింటి అమ్మాయితో చెబితే, కథంతా ఫోనులో నిమిషంలో దొరుకుతుంది ఆంటీ, చూపించనా అంది. వద్దన్నాను. ఇప్పుడు ఎవరి గోడ మీదా ఎవరికీ కావలసిన కథ ఉండదు, మిగతాది తెలుసుకోవడానికి ఎవరూ ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. నానమ్మ ఉంటే ఆ పేజీ నా ముందుకు తోసి, వెంటనే అడిగి ఉండేది, మరి తోసిందెందుకే అని. ఆ జవాబు గుమ్మం పైన పీలికలైన కాగితం వెనక ఉంది. వచ్చే నెల మోకాలో మళ్ళీ సంత ఉందట.