సవతి బిళ్ళ

పెళ్లినాడే మా అత్త నా పుస్తెల పక్కన ఒక చిన్న బంగారు బిళ్ళ గుచ్చింది. అది నా భర్త మొదటి భార్య గుర్తు. కొత్త చీరైనా, బొట్టైనా ముందు ఆ బిళ్ళకు పెట్టాలి. చనిపోయినామెకు ముందు, బతికున్నదానికి తర్వాత. ఎనిమిదేళ్లు నోరు మూసుకుని చేశాను. లోపల మాత్రం మండేది.

పందొమ్మిది వందల అరవైల్లో, హనుమకొండ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే అమెరికా టీచరమ్మ వరంగల్‌లోని మా బట్టల దుకాణానికి వచ్చేది. ఒకరోజు బిళ్ళ చూసి ఏమిటని అడిగింది. చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. వాళ్లది మార్మన్ మతం, క్రైస్తవుల్లో ఒక శాఖ. ఆమె ముత్తాతకు ఒకేసారి ముగ్గురు భార్యలట. ఆ ఆచారం ఎప్పుడో పోయిందట కానీ, భార్య పోయి మళ్లీ పెళ్లాడినవాడికి స్వర్గంలో ఇద్దరూ భార్యలేనన్న నమ్మకం మిగిలిందట. తన సవతితల్లి అది తలుచుకుని ఏడుస్తుందని వచ్చీరాని తెలుగులో చెప్పింది.

"సూసినవా, వాళ్లల్ల గూడ గంతేనట!" అని పక్కనే చీరలు మడతపెడుతున్న మా అత్త మురిసిపోయింది.

నాలో మంట అప్పుడు మాటైంది.

"మంచిదే అత్తమ్మా. ఇన్నేండ్లు నా చీరెలన్ని ముందుగాల ఆమెకే పెట్టిన. పైకి పోయినంక ఆమె నా దిక్కే ఉంటది. మేమిద్దరం ఒక్కటైతం. ఇగ ఫికర్ నీ కొడుక్కే!"

టీచరమ్మ పకపకా నవ్వి, ఈ మాట తన సవతితల్లికి ఉత్తరంలో రాస్తానంది. గద్దె మీద కూర్చున్న మా ఆయన తల ఎత్తలేదు.

ఆ దసరాకు మొదటిసారి రెండు చీరలు తెచ్చాడు, ఆమెకొకటి, నాకొకటి.