ఒక్కడే వచ్చిన దేశం

నా చిన్నప్పుడు మా ఊళ్లో టీవీ అంటే మా పెదనాన్నగారింట్లో ఉన్నదొక్కటే. వైనతేయ గోదారి గట్టుకి దిగువన ఊరు మాది. పెదనాన్నగారిది కొబ్బరి వ్యాపారం. ఒకసారి అంబాజీపేట లోడుతో వెళ్లినవారు, తిరిగొచ్చేటప్పుడు లారీ ముందు సీట్లో దాన్ని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చారు. డాబా మీద ఇనప గొట్టం నిలబెట్టి యాంటెన్నా కట్టారు. నది మీంచి గాలి వీచినప్పుడల్లా అది తిరిగిపోయేది, బొమ్మ చెదిరిపోయేది. ఎవరో ఒకరు పైకెక్కి దాన్ని సర్దుతూ "వచ్చిందా అండీ?" అని అరిచేవారు. కిందనుంచి వీధి వీధంతా "ఆయ్, వచ్చిందండీ... అయ్యో, పోయిందండీ" అని జవాబు చెప్పేది.

ఆ ఇంట్లో గడిపిన ఉదయాల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ నాకు కల వచ్చినట్టు వస్తుంది. ఒలింపిక్స్ ప్రారంభోత్సవం చూపించిన ఉదయం అది. వానాకాలం. తెల్లవార్లూ కురిసి అప్పుడే తెరిపిచ్చింది గానీ కొబ్బరాకుల చివర్ల నుంచి ఇంకా చుక్కలు జారుతూనే ఉన్నాయి. మెట్ల దగ్గర తడిసిన గొడుగులు, బురద చెప్పులు. హాల్లో చాపలు, వరండాలో బెంచీలు, కిటికీ ఊచలకి అంటుకుని మొహాలు. లోపల వేడి వేడి ఊపిరి, తడిబట్టల వాసన, ఎవరో తెచ్చిన మరమరాల వాసన. ఆ మసక గదిలో మూలన ఒక తెల్లటి వెలుగు.

మా పిల్లలు ఇప్పుడు ఈ సంబరాన్ని ఫోనులో చూస్తారు. మొన్నటిసారి దేశాలన్నీ పడవలెక్కి, వానలో తడుస్తూ, నది మీద ఊరేగింపుగా వస్తుంటే పిలిచి మరీ చూపించారు. ఎన్ని రంగులో! చాలా బాగుంది. అయినా ఒలింపిక్స్ అన్న మాట వినగానే నా కళ్లముందు కదిలేది ఆ నలుపు తెలుపు ఉదయమే.

మొదట పెద్ద డప్పు వచ్చింది. మనిషికి రెండింతలుంది. దాన్ని కొడుతుంటే గూట్లో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయని నాకు గుర్తు. నిజంగా మోగాయో, నేనలా అనుకున్నానో చెప్పలేను. ఆ తర్వాత ఆకాశంలోంచి మనుషులు గాలిగొడుగులతో దిగారు. దిగుతూ దిగుతూ గాల్లోనే చేతులు కలుపుకుని గుండ్రంగా తిరిగారు. హాలంతా నోళ్లు తెరుచుకుని ఉండిపోయింది. వేలమంది పిల్లలు మైదానంలోకి పరుగెత్తుకొచ్చి ఒక పువ్వయ్యారు. ఆ పువ్వు మెల్లగా విచ్చుకుని నదిలా పారింది. మా తెర మీద అంతా బూడిద రంగే. బట్టలు కుట్టే పక్కింటి అక్క మాత్రం "ఆ పరికిణీలు చిలకాకుపచ్చ, అంచు కుంకం రంగు" అంది. నీకెలా తెలుసని ఎవరూ అడగలేదు. ఆమె అన్నాక నాకూ అలాగే కనిపించాయి.

మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, టీవీకి ఎదురుగా గోడకి జారబడి కూర్చుని ఉంది. ఆమెకి మోకాళ్ల నొప్పులు. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఎంత పెద్దవాళ్లు ఇంటికొచ్చినా "ఏమనుకోకండి బాబూ, లేవలేను" అని కూర్చునే దణ్ణం పెట్టేది. గాలిగొడుగుల వాళ్లని చూసి అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె మాత్రం "వీళ్ల తల్లులు ఎక్కడున్నారో, గుండెలు ఎలా చిక్కబట్టుకున్నారో" అనుకుంది.

ఆ తర్వాత దేశాల నడక మొదలైంది. ఒక్కో దేశం జెండా పట్టుకుని గుంపుగా మైదానంలోకి వస్తుంటే పెదనాన్నగారు తెర మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని పేరు చెప్పేవారు. మామ్మ ప్రతి దేశానికీ చేతులు జోడించింది.

"రండి బాబూ, రండి. ఎంత దూరం నుంచి వచ్చేరో!"

"వాళ్లకి వినపడదే అమ్మా" అన్నారు పెదనాన్నగారు.

"వినపడకపోతే రమ్మనకూడదేంట్రా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. మా వైపు గుమ్మంలోకి కాకి వచ్చినా మర్యాద చేస్తారని ఊరికే అనరు. కాసేపటికి పిల్లలం కూడా మామ్మతో కలిసి "రండి రండి" అనడం మొదలెట్టాం. అసలు అందరం ఎదురుచూస్తున్నది మన దేశం కోసం. ఎప్పుడొస్తుందో తెలియదు. తలపాగాలు కనిపిస్తే చాలు, మనవాళ్లేనని ఎవరో అరిచేవారు. కాదని తేలేది.

పెద్ద దేశాలు వస్తే తెర నిండిపోయేది. చిన్న దేశాలకి పదిమంది, అయిదుగురు. వాళ్లని చూసి వెనక బెంచీల్లో చిన్న చిన్న నవ్వులు. అలా నడుస్తుండగా ఒక దేశం వచ్చింది. ముందు దేశం పేరున్న పలక పట్టుకున్న అమ్మాయి. ఆమె వెనక జెండా పట్టుకున్న ఒక మనిషి. ఆ మనిషి వెనక ఎవరూ లేరు. ఖాళీ నేల. చాలా దూరంగా తర్వాతి దేశం.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలు గొల్లుమంది.

"ఒక్కడేనేంటండీ! దేశం మొత్తం మీద ఇంకెవరూ దొరకలేదా?"

"మిగతావాళ్లకి బస్సు తప్పిపోయుంటుందండీ" అన్నారు పెదనాన్నగారు. నవ్వు ఇంకా పెరిగింది. నేనూ నవ్వాను. ఆ మనిషి మాత్రం జెండా పైకెత్తి, ఎటు చూడాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తూ నడుస్తున్నాడు.

అప్పుడు నా భుజం మీద బరువు పడింది. మామ్మ చెయ్యి. నా భుజం ఊతంగా తీసుకుని, రెండో చెయ్యి గోడకి ఆన్చి, ఆమె లేస్తోంది. మోకాళ్లు కలుక్కుమన్నాయి. "అయ్యో, ఏం కావాలత్తయ్యగారూ?" అని పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది. ఏమీ వద్దన్నట్టు మామ్మ తలూపింది. చీర సర్దుకుని, పైట భుజం మీదుగా కప్పుకుని, నిటారుగా నిలబడింది. తెర వైపు చూసి చేతులు జోడించింది.

"రా నాయనా" అంది.

నవ్వు ఆగిపోయింది. ఒక్కసారిగా కాదు, వాన తగ్గినట్టు తగ్గింది. ఆ మనిషి తెర దాటి వెళ్లేదాకా మామ్మ నిలబడే ఉంది. తర్వాతి దేశం గుంపుగా వచ్చినా కూర్చోలేదు. గోడకి ఆనుకుని, ఎవరూ అడక్కుండానే, తన పెళ్లి సంగతి చెప్పింది. నాకు అంతవరకూ ఆమెకి పెళ్లయిందన్న ఆలోచనే లేదు. ఆమె ఎప్పుడూ మామ్మే అనుకునేదాన్ని.

మామ్మది అవతలి ఒడ్డు. ఆ రోజుల్లో మావాళ్లలో పెళ్లి మగపెళ్లివారింట్లోనే జరిగేదిట. ఆడపెళ్లివారు పడవల మీద తరలివచ్చి మా రేవులో దిగాలి. ఆ ఏడు గోదారి వరద మీద ఉంది. బంధువులెవరూ కదల్లేకపోయారు. ముహూర్తం తప్పిపోతుందని ఆమె మేనమామ ఒక్కడే ధైర్యం చేసి, పెళ్లికూతుర్ని పడవెక్కించుకుని వచ్చాడు. ఇటు గట్టు మీద సన్నాయి మేళంతో ఊరంతా కాచుకుని ఉంది. పడవలోంచి దిగింది ఇద్దరు. వెనక ఇంకో పడవ లేదు. గట్టు మీద ఎవరో "ఆడపెళ్లివారు ఇంతేనేంటి? తక్కినవాళ్లు ఈదుకొస్తన్నారా?" అన్నారు. ఊరు నవ్వింది. సన్నాయి ఆగిపోయింది.

"మావయ్య తలెత్తలేదమ్మా. ఆయన కాళ్లకేసి చూస్తా నేనూ తలొంచేసుకున్నాను. మళ్లీ పడవెక్కిపోదామనిపించింది" అంది మామ్మ.

అప్పుడు మా తాతగారి మేనత్త, బాగా పెద్దావిడ, కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చిన మనిషి, లేచిందిట. ఎవరి ఊతమూ లేకుండా రేవు బురదలోకి దిగి "రండి అన్నయ్యగారూ, మీకోసమే చూస్తన్నాం" అందిట.

"ఆవిడ లేచేకా ఊరు లేచింది. ఊరు లేచేకా సన్నాయి లేచింది. అప్పుడెత్తేడు మావయ్య తల." మామ్మ అంది, "పదిమంది వస్తే వాళ్లని వాళ్లే చూసుకుంటారు. ఒక్కడొస్తే మనమే కదా చూడాలి."

టీవీలో ఏవో దేశాలు వెళ్లిపోతున్నాయి. ఎవరూ పేర్లు చదవడం లేదు. నాకు ఆ రేవు, ఆ బురద, ఈ మైదానం, ఈ జెండా అన్నీ కలిసిపోయి ఒకటే చోటులా తోచాయి. తెరలోంచి ఆ ఒక్కడు నడిచొచ్చి మా రేవులో దిగుతున్నట్టు అనిపించింది. అలా చూస్తూ చూస్తూ తల తిప్పి వీధి వైపు చూశాను.

గేటు బయట ఒకామె నిలబడి ఉంది. గొడుగు ముడుచుకుని, కాస్త ఒంగి, జనం తలల సందుల్లోంచి లోపలి వెలుగుని చూడబోతోంది.

ఆమె నాకు తెలుసు. ఊరవతల గ్యాసు కోసం తవ్వే రిగ్గు మీద పనికొచ్చినతని భార్య. అస్సాం వాళ్లని తర్వాత తెలిసింది. ఊరు మాత్రం "హిందీ ఆవిడ" అనేది. రైసుమిల్లు వెనక రెండు గదుల్లో అద్దెకుండేవారు. భర్త రిగ్గు మీదకి వెళితే వారాల తరబడి వచ్చేవాడు కాదు. ఆమెకి తెలుగు రాదు. కొట్లో సరుకులు వేలుతో చూపించి కొనుక్కునేది. ఆమెని ఎవరూ ఒక్క మాట అనలేదు. మంచి మాట కూడా అనలేదు.

నేను లేచాను. ఎందుకు లేచానో ఆలోచించలేదు. మామ్మ లేచింది కాబట్టి లేచానేమో. మోకాళ్లు, వీపులు దాటుకుంటూ గేటు దగ్గరికి వెళ్లాక గాని, ఆమెతో ఏ భాషలో ఏమనాలో నాకు తెలియదని గుర్తు రాలేదు. "రండి" అన్నాను. ఆమె వెనక్కి చూసుకుంది, ఇంకెవరినో పిలిచాననుకుని. మళ్లీ "రండి" అని ఆమె చిటికెన వేలు పట్టుకున్నాను. ఆ వేలు వానకి చల్లబడి ఉంది.

గుమ్మందాకా తీసుకొచ్చేసరికి అందరి కళ్లూ మా మీదే. చోటు లేదు. ఎవరూ కదల్లేదు. కదలకూడదని కాదు, ఏం చెయ్యాలో తోచక. ఆమె వేలు నా చేతిలోంచి మెల్లగా జారిపోతోంది. ఇంకొక్క క్షణం ఆగితే ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయేది.

కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్న చప్పుడైంది. పెదనాన్నగారు లేచారు. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ, అది ఆయనది.

"రండమ్మా. ఇలా కూర్చోండి" అన్నారు.

ఆ మాటతో చాపలు కదిలాయి, కాళ్లు ముడుచుకున్నాయి, ఎవరో తువ్వాలు అందించారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు. తిన్నగా వెళ్లి, అప్పుడే గోడకి జారబడుతున్న మామ్మ పక్కన చాప మీద కూర్చుంది. పక్కింటి అక్క ఆమె ఒళ్లో మరమరాల గిన్నె పెట్టింది.

మన దేశం వచ్చింది. ఇల్లు ఎగిరిపోయినంత కేక. డాబా మీద యాంటెన్నా దగ్గరున్నాయన "వచ్చేరా? మనోళ్లొచ్చేరా?" అని పైనుంచి ఒకటే అరుపు. ఆమె కూడా లేచి చప్పట్లు కొట్టింది. తన భాషలో ఏదో అంది. ఏమందో మాకు తెలియదు. అంటూనే ఏడ్చేసింది. మామ్మ కొంగుతో ఆమె కళ్లు తుడిచి, ఆ తర్వాత తన కళ్లు కూడా అదే కొంగుతో తుడుచుకుంది.

మర్నాటి నుంచి ఆమె రోజూ మా ఇంటికి వచ్చేది. మామ్మ దగ్గరే తెలుగు నేర్చుకుంది కాబట్టి పిల్లల్ని కూడా అండీ అని పిలిచేది. కొన్ని నెలల తర్వాత, మాటలు కాస్త కూడాక, ఒకరోజు మామ్మతో చెప్పింది. ఆ ఉదయం పెట్టె సర్దేసుకుందిట. ఇక ఈ ఊళ్లో ఉండలేననుకుని, ఒక్కతీ పుట్టింటికి పోదామని, రాజోలు దాకా రిక్షా మాట్లాడుకోవడానికి బయల్దేరిందిట. దారిలో టీవీ మోత వినపడి పెదనాన్నగారి గేటు దగ్గర ఆగిందిట.

"పాప పిలిచేరండి. నేనాగేనండి" అంది నన్ను చూపించి.

ఆమె బిడ్డ మా ఊళ్లోనే పుట్టింది. మామ్మే కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది. ఆ తర్వాత రిగ్గు ఇంకెక్కడికో తరలిపోయింది, వాళ్లూ వెళ్లారు. బస్సు కదిలేటప్పుడు ఊళ్లో సగంమంది రోడ్డు మీద ఉన్నారు. ఆమె మళ్లీ కనిపించలేదు. మామ్మ వెళ్లిపోయి కూడా చాలాకాలమైంది.

ఇప్పుడు పెళ్లిళ్లన్నీ ఫంక్షన్ హాళ్లలో. ఎక్కడికి వెళ్లినా నా చూపు ముందు గుమ్మం వైపు పోతుంది. అందరూ గుంపులు గుంపులుగా ఫొటోలు దిగుతుంటారు. ఎవరో ఒకరు మాత్రం ప్లేటు పట్టుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక, గోడ పక్కన ఫోను చూసుకుంటున్నట్టు నటిస్తుంటారు. ఈమధ్య అమలాపురంలో అలా ఒకాయన పక్కకి వెళ్లి "రండి, మాతో కూర్చోండి" అన్నాను. తీరా చూస్తే ఆయన జనరేటరు చూసుకోవడానికి వచ్చినాయన. ఇద్దరం నవ్వుకున్నాం. అయినా వచ్చి మా బల్ల దగ్గర కూర్చుని తృప్తిగా భోంచేశారు.

మామ్మ మోకాళ్లు నాకూ వచ్చాయి. మా అమ్మాయి కోప్పడుతుంది, ఎవరో ఏమిటో తెలియకుండా ప్రతిదానికీ లేవడం ఎందుకని. ఏం మాట్లాడతావ్ వాళ్లతో అంటుంది. నిజమే, నాకూ తెలియదు. ముందు లేస్తాను. మాటలు నడుస్తుండగా దొరుకుతాయి.