అన్న తీయని పడవ షాట్

ఆ షాట్ చూసింది ముగ్గురం. అమ్మ పోయింది. ప్రొజెక్టర్ నడిపిన ఖాదర్ భాయ్‌కి చూపుతో పాటు జ్ఞాపకమూ తగ్గింది. నేను కూడా పోతే చెప్పేవాళ్లుండరని రాసిపెడుతున్నాను. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. చదువు ఏడో తరగతితో ఆగినా, లైబ్రరీలో సైన్సు పుస్తకాలు ఒక్కటీ వదలకుండా చదివినవాణ్ణి.

మాది గౌలిపుర. మా అన్న రాములు డాక్యుమెంటరీలు తీసేవాడు. అప్పట్లో వాటిని టాకీసులో అసలు సినిమాకు ముందు వేసేవారు. అన్న తీసింది వచ్చిందంటే అమ్మ మ్యాట్నీకి వెళ్లి, అది అయిపోగానే లేచేది.

"హీరో రాకముందే పోతున్నవేందమ్మా?" అనేవాడు ఖాదర్ భాయ్.

"మా హీరో వచ్చిపోయిండు భాయ్."

తెర మీద పేర్లు చదవడం అమ్మకు రాదు. అన్న షాట్లను ఆమె వేరే గుర్తుతో పట్టేది. కెమెరా చేత్తో పట్టుకుని తీసేటప్పుడు అన్న ఊపిరి బిగబట్టేవాడు. వదలగానే బొమ్మ కాస్త కిందికి జారి మళ్లీ లేచేది. నాకు తెలిసేది కాదు. అమ్మ నా మోచెయ్యి గిల్లి, "ఇగో, ఊపిరి ఇడిసిండు" అని నవ్వేది.

డెబ్బై ఒకటిలో శరణార్థుల మీద సినిమా తీయడానికి అన్న సరిహద్దుకు వెళ్లాడు. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, బాంబు పడి చనిపోయాడని టెలిగ్రాం వచ్చింది. శవం రాలేదు. దినాలు చేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. రోజూ అన్న కంచంలో వడ్డించి మూత పెట్టేది. దినాలు కాకుంటే వాడికి గతి ఉండదని చుట్టాలు లొల్లి పెట్టినా వినలేదు.

ఎండాకాలంలో ఆ సినిమా వచ్చింది. మిగతా సగం కులకర్ణి అనే ఇంకో కెమెరామన్ తీశాడు. ఒక ఉదయం ఖాళీ హాల్లో ఖాదర్ భాయ్ మా ఇద్దరి కోసమే వేశాడు. చివర్లో శరణార్థులు మూటలతో పడవలో తిరిగి ఇళ్లకు పోతున్నారు. షాట్ చాలాసేపు నిలిచింది. తర్వాత బొమ్మ కిందికి జారింది. ఈసారి నాకూ కనిపించింది. మళ్లీ లేవలేదు.

అమ్మ గిల్లలేదు. "ఊపిరి ఇడిసిండు," అంది మెల్లగా.

బయటికి వచ్చాక, "దినాలు చెయ్యి బిడ్డా. ఇగ కంచం పెట్ట," అంది.

మర్నాడు అదే రీలు మళ్లీ వేయించుకున్నాను. బొమ్మ కదలలేదు. "నిన్న నేను గూడ చూసిన తమ్మీ. ఫిలిం జారితే మిషన్ల చప్పుడైతది. కాలే," అన్నాడు ఖాదర్ భాయ్.

లైబ్రరీలో పాత పేపర్లు తిరగేశాను. శరణార్థులు ఇళ్లకు తిరిగి వెళ్లింది యుద్ధం ఆగాకే. అప్పటికి అన్న లేడు. కులకర్ణి గారికి ఉత్తరం రాస్తే, పడవ షాట్ తనదేనని, కెమెరా స్టాండుకు బిగించి ఉందని, మొదలుపెట్టాక చెయ్యి తగిలించలేదని జవాబిచ్చారు.

ఆ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలేదు. వినిపిస్తే మళ్లీ కంచం పెట్టేది.

మేం చూసింది ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. ఖాదర్ భాయ్‌కి, పేపర్ల కట్టలు విప్పి ఇచ్చిన లైబ్రేరియన్ విఠల్ రావు గారికి, తెలియనివాడికి జవాబు రాసిన కులకర్ణి గారికి కృతజ్ఞతలు. దహనం చేయడానికి శవం లేకపోతే, దర్భలతో అన్న బొమ్మ కట్టి నా చేతుల్లో పెట్టిన సాంబయ్య కాకకు కూడా.