కాగితంలో లేని ప్రశ్న

నాగర్‌కర్నూల్‌లో వలస కూలీల మ్యూజియం అంటే మూడే గదులు. వాటిని ఊడ్చి, తాళాలు తీసి వేసే మనిషి ఏసమ్మ. రోజూ తెలకపల్లి నుంచి షేర్ ఆటోలో వస్తుంది. రెండో గదిలో అద్దాల పెట్టెలో ఉన్న పార ఆమె భర్త సాంసన్‌ది. పన్నెండేళ్ళ కిందట కర్ణాటకలో కాలువ తవ్వుతుంటే గట్టు కూలి చచ్చిపోయాడు. కూలీలను తీసుకుపోయిన మేస్త్రీ కురుమూర్తి శవాన్ని అక్కడే ఎక్కడో పూడ్పించి, పార మాత్రం ఇంటికి పంపాడు. తను మళ్ళీ ముఖం చూపించలేదు. సమాధుల పండుగనాడు అందరూ కొవ్వొత్తులు పట్టుకుని పోతుంటే, సమాధి ఎక్కడుందో తెలియని ఏసమ్మ ఇంట్లోనే కూర్చుంటుంది.

ఈ నెల శ్రీవాణి అనే పరిశోధకురాలు వచ్చింది. మ్యూజియం చూసి వచ్చినవాళ్ళలో పగ పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది ఆవిడ పరిశోధన. చదువుకున్నవాళ్ళకు కోపానికి కూడా మార్కులు వేయాలనిపిస్తుంది కాబోలు. నాలుగు ప్రశ్నల కాగితం. చదవడం రానివాళ్ళకు ఏసమ్మే చదివి, వాళ్ళు చెప్పింది రాస్తుంది.

మంగళవారం కుంటుతూ ఒక ముసలాయన వచ్చాడు. కురుమూర్తి! ఏసమ్మ చూడగానే పోల్చుకుంది. అతను ఆమెను గుర్తుపట్టలేదు. పార ముందు చాలాసేపు నిలబడి, బయటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఏసమ్మ గొంతు సవరించుకుని వరసగా చదువుతూ పగ ప్రశ్నకు వచ్చింది.

"పెద్దాయినా, కూలోళ్ళను గిట్ల సావనిచ్చినోళ్ళ మీద పగ తీర్చుకోవాల్నని నీకు ఎంతున్నది? పదికి ఎంతో చెప్పు."

"పదికి పది రాయి బిడ్డా. గసుంటోళ్ళను ఇడ్వొద్దు," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

దొంగ ఏడుపు కాదది. అందుకే ఆమెకు ఒళ్ళు మండింది. కాగితం పక్కన పెట్టేసింది.

"తెలకపల్లి సాంసన్ను యాడ పూడ్చినవ్?"

ముసలాయన ఉలిక్కిపడలేదు. నుదురు రుద్దుకుంటూ నిజంగానే వెతుక్కున్నాడు.

"ఏ సాంసన్, బిడ్డా? శానమంది పోయిండ్రు. యాదికొస్తలేదు."

ఈ మనిషి ఎదురుపడితే ఏమేం తిట్టాలో ఏసమ్మ పన్నెండేళ్ళుగా అనుకుంటూనే ఉంది. ఇప్పుడు మాత్రం కాగితం దగ్గరికి లాక్కుని, అతను చెప్పిన పదికి పది రాసింది. అతను కర్ర వెతుక్కుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కాగితాలు తీసుకుంటూ శ్రీవాణి నవ్వింది. "మిమ్మల్నెప్పుడూ అడగనేలేదు ఏసమ్మగారూ. పదికి మీకెంత?"

"పగ సంగతి ఇడ్సిపెట్టుండ్రి మేడం," అంది ఏసమ్మ. "ఆ జాగ ఎరికైనోడు ఒక్కడే ఉండె. ఆయిన మర్శిపోయిండు."