తుకారాం సైకిల్ వెనక సీటు

మా సంఘంలో తుకారాం అనే పేరున్న క్రైస్తవుడు ఒక్కడే. బాప్తిస్మంలో ఫిలిప్పు అని పెట్టారు, రిజిస్టరులో అలాగే ఉంది. కానీ వాళ్ల బాపు మహారాష్ట్రలోని బిలోలి వైపు నుంచి బోధన్ వచ్చి స్థిరపడ్డవాడు, కొడుకును తుకారాం అనే పిలిచాడు. ఊరు కూడా అలాగే పిలిచింది. దేవుడు కూడా ఆయన్ని ఆ పేరుతోనే గుర్తుపడతాడని నా నమ్మకం. ఎందుకంటే ప్రార్థనలో ఆయన "నీ దాసుడు తుకారాం, చక్కెర ఫ్యాక్టరీ, కాటా సెక్షను" అని పూర్తి అడ్రసు ఇచ్చేవాడు.

నేను ఆ చర్చిలో హార్మోనియం వాయించేవాణ్ణి. పేరు రాజమల్లు. ప్రసంగం గంట దాటితే నాకు ఒళ్లు మండుతుంది, ఆ తర్వాత పాటను రైలు వేగంతో లాగించేస్తాను. తుకారాం నా పక్క బెంచీలోనే కూర్చునేవాడు. అందుకే ఆయన గుట్టంతా నా దగ్గర ఉండేది.

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు మునుగుతాడంటారు. తుకారాం పదకొండేళ్లు మూడు పడవల మీద నిలబడ్డాడు. ఆదివారం ఉదయం చర్చి. ఆదివారం మూడు కొట్టగానే ప్యాంటుకు క్లిప్పు పెట్టి, సైకిల్ తీసి, ఫ్యాక్టరీ గ్రౌండులో ఫుట్‌బాల్. ఈ రెండూ ఊరందరికీ తెలుసు. మూడోది నాకు మాత్రమే తెలుసు. నైట్ షిఫ్టు వారం వస్తే ఇంట్లో ఓవర్‌టైం అని చెప్పి, నడి ఎండాకాలంలో కూడా మంకీ క్యాపు పెట్టుకుని, టాకీసులో మార్నింగ్ షో దయ్యాల సినిమాకు పోయేవాడు.

గ్రౌండులో ఆయన నోటి వెంట బైబిలు తప్ప ఇంకోటి వచ్చేది కాదు. అవతలి టీం గోల్ కొడితే ఇశ్రాయేలు పాత శత్రువుల పేరెత్తి "అమాలేకీయులు!" అని అరిచేవాడు. రెఫరీ తప్పు విజిల్ వేస్తే, యేసును సిలువకు అప్పగించినవాడిగా లెక్కగట్టి "ఓరి పిలాతూ, చేతులు కడుక్కో పో!" అనేవాడు. చుట్టుపక్కలవాళ్లు ఇవేవో కొత్తరకం తిట్లనుకుని నేర్చుకున్నారు. ఎడపల్లి నుంచి చెరుకు బండి తోలుకొచ్చిన రైతొకాయన మొరాయించిన ఎద్దును "అమాలేకీయుడా" అని అదిలించడం నేను చెవులారా విన్నాను. చర్చిలోనేమో గోల్‌కీపర్ సిద్దిరాములు మోకాలి కోసం తుకారాం చేసిన ప్రార్థనకు మా సంఘమంతా మూడు వారాలు ఆమెన్ చెప్పింది. సిద్దిరాములు ఎవరో తెలియని మా భూమవ్వ, పాపం మంచంలో ఉన్నాడనుకుని జావ కాచి పంపింది.

దయ్యాల సినిమా పిచ్చేమిటని ఒకసారి గట్టిగా అడిగాను. నాకు దయ్యాలంటే భయం. ఆయన చెప్పిన కథ విన్న ప్రతి రాత్రీ పెరట్లోకి వెళ్లాలంటే వసంతమ్మను, అంటే నా భార్యను, లేపాల్సి వచ్చేది.

"సూడు రాజమల్లన్నా," అన్నాడు తుకారాం. "చర్చిల దయ్యం ఓడిపోతదని చెప్తరు, సూపెట్టరు. గ్రౌండ్ల మన టీం గెలుస్తదని కూసుంట, గెల్వది. పిక్చర్ల అయితే రెండున్నర గంటలల్ల దయ్యం ఓడుడు గ్యారంటీ. గంత భరోసా నాకు ఇంకెక్కడ దొరుకుతది?"

దీనికి జవాబు అయ్యగారి దగ్గర ఉండేది. సినిమాకు వెళ్లేవాడు సంఘ పెద్ద కాకూడదన్నది మా పాస్టరు అయ్యగారి నియమం. తాగేవాడికీ, జూదగాడికీ, సినిమావాడికీ ఆయన లెక్కలో తేడా లేదు.

ఇక సుమిత్రమ్మ సంగతి. తుకారాం భార్య. ఇంట్లో బీడీలు చుట్టేది. మా సంఘంలో బీడీ తాగితే పాపం, చుడితే కాదు. స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆమె రిపోర్టు చదివితే రెండో బెంచీకి వినిపించేది కాదు, గొంతు అంత సన్నం. సాక్ష్యం చెప్పమంటే "దేవుడు నన్ను సల్లగ సూస్తుండు" అని కూర్చునేది. ఆ మనిషి గురించి అంతకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ఎనభై ఎనిమిదిలో తుకారాంకు రెండు అదృష్టాలు ఒకే వారంలో వచ్చాయి. ఈస్టరు నాడు ఆయన్ని సంఘ పెద్దగా ప్రకటిస్తానని అయ్యగారు మాటిచ్చారు. పదకొండేళ్లుగా కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తున్న పదవి అది. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడేమో మా ఫ్యాక్టరీ టీం, తొమ్మిదేళ్ల తర్వాత, టోర్నమెంటు ఫైనల్లో ఆడుతోంది. నాలుగు గంటలకు మ్యాచ్.

ఆ ఉదయం ఈత మట్టలు పట్టుకుని "హోసన్నా" పాడుతూ ఊరేగాం. తుకారాం మట్టను జెండాలాగా ఊపిన తీరు చూస్తే ఆయన మనసు యెరూషలేములో కాక ఇంకెక్కడుందో నాకు తెలిసిపోయింది. ప్రసంగం ఒంటి గంట దాకా సాగింది. ఇల్లు చేరి అన్నం తిని నడుం వాల్చానో లేదో, తుకారాం ఇంటి పక్కనే ఉండే భూమవ్వ ఆయాసపడుతూ వచ్చింది.

"రాజమల్లూ, లెవ్వు! సుమిత్రకు దయ్యం వట్టింది!"

అయ్యగారిని వెంటబెట్టుకుని పోయేసరికి సగం సంఘం అక్కడే ఉంది. వాకిట్లో స్టాండు తీసిన సైకిల్ అరుగుకు ఆనించి ఉంది. తుకారాం ప్యాంటుకు క్లిప్పు పెట్టుకుని, గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు. నడింట్లో సుమిత్రమ్మ జుట్టు విరబోసుకుని కూర్చుంది. తునికాకు, బీడీల చాట బోర్లా పడి ఉన్నాయి. గోడ మీది క్యాలెండరు, పెండ్లి ఫోటో, అన్నీ వెనక్కి తిప్పి ఉన్నాయి. ఆమె కళ్లు పెద్దవి చేసి, ఇంటి పెంకులు లేచేంత గొంతుతో హిందీలో అంకెలు వెనక నుంచి లెక్కపెడుతోంది.

"దస్... నౌ... ఆఠ్... సాత్!"

ఏడు దగ్గర ఆగి పొడుగ్గా నవ్వింది. సిగ్గెందుకు, నేను గుమ్మం దాటి లోపలికి పోలేదు.

"నీ పేరేమిటి? ఎక్కడి నుంచి వచ్చావు?" అని అయ్యగారు బైబిలు ఎత్తి గద్దించారు.

"సౌ సాల్ సే ప్యాసీ హూఁ!" అంది సుమిత్రమ్మ. వందేళ్ల నుంచి దాహంగా ఉందట. బోధన్‌లో మాకు ఉర్దూ కొత్త కాదు, పాలవాడితో కూడా అదే మాట్లాడతాం. కానీ ఇది బజారు ఉర్దూ కాదు, తీర్చిదిద్దిన బొంబాయి హిందీ. కొత్త భాష మాట్లాడుతోందంటే లోపల ఎవరో ఉన్నట్టేనని అయ్యగారు తేల్చేశారు.

తుకారాం నా భుజం పట్టుకుని బయటికి లాగాడు.

"అన్నా, గిది పోయిన వారం పిక్చర్ల దయ్యం."

"ఏందీ?"

"గట్లనే ఫోటోలు తిప్పుతది. పది కెళ్లి లెక్కవెడ్తది. ఏడు కాడ ఆగి నవ్వుతది. సూడు, ఇప్పుడు ఆరు అని పండ్లు కొరుకుతది."

లోపల నుంచి "ఛే!" అన్న అరుపూ, వెంటనే పళ్లు పటపటలాడిన చప్పుడూ వినిపించాయి.

"నువ్వు గాని చెప్పినవా ఆ కత ఆమెకు?"

"నీకే ఇంక చెప్పలే, ఆమెకెట్ల చెప్త? అంటే అది సుత పోయింది అన్నా పిక్చర్‌కు! నాకు చెప్పకుంట పోయింది!" ఆ గొంతులో కోపం కంటే అలక ఎక్కువగా ఉంది. పదకొండేళ్లు దొంగచాటుగా వెళ్లిన మనిషి అలగడం చూసి, ఆ భయంలో కూడా నాకు నవ్వొచ్చింది.

కానీ ఏం చేస్తాడు? దొంగకు తేలు కుట్టినట్టయింది పాపం. ఇది సినిమా అని అనాలంటే తాను చూశానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే పెద్దరికం పోతుంది. అప్పుడే గ్రౌండు వైపు నుంచి మైకు వినబడింది, టీములు మైదానంలోకి వస్తున్నాయని.

అయ్యగారు మూడు సార్లు ప్రార్థించి అలసిపోయారు. చెమట తుడుచుకుంటూ తీర్పు చెప్పారు. సుమిత్రమ్మను గోదావరి అవతల విడుదల ప్రార్థనలు చేసే మందిరానికి పంపాలి. నలభై దినాలు అక్కడే ఉండాలి. అంతవరకు ప్రభు సంస్కారపు రొట్టె లేదు, స్త్రీల సమాజం లేదు. ఆ మాట పూర్తికాక ముందే గుమ్మంలోని తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వెనక్కి జరిగారు. నిన్నటి దాకా ఆ పిల్లలంతా సుమిత్రమ్మ ఒళ్లో పడుకున్నవాళ్లే.

గుమ్మంలో కూర్చున్న భూమవ్వ తలకొట్టుకుంది.

"ఎన్కట ఎల్లమ్మ పూనితె ఏం గావాలె తల్లీ అని అడుగుతుంటిమి. కోడి అంటె కోడి, చీర అంటె చీర ఇస్తుంటిమి. గిప్పుడు దయ్యమంటిరి, పేరడిగి ఎల్లగొట్టవడ్తిరి. ఏం గావాల్నో ఒక్కలన్న అడిగిండ్రా?"

అయ్యగారు ఆమె వంక కోపంగా చూశారు. తుకారాం మాత్రం ఆ మాట తననే అన్నట్టు తలెత్తాడు. వంగి ప్యాంటుకున్న క్లిప్పు తీసి కిటికీలో పెట్టాడు. లోపలికి వెళ్లి సుమిత్రమ్మ ఎదురుగా కింద కూర్చున్నాడు. చెంబుతో నీళ్లు ముందు పెట్టాడు.

"సుమిత్రా, ఏం గావాలె నీకు?"

ఆమె ఐదు అనబోయి ఆగింది. ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. నీళ్లు గటగటా తాగింది. రెండో బెంచీకి వినబడని ఆ పాత గొంతుతో అంది.

"సైకిల్ ఎన్క సీటు."

ఎవరికీ అర్థం కాలేదు. కానీ గొంతు మామూలైందని అందరికీ తెలిసింది. "దయ్యం పోయింది!" అని ఒకరు, "తుకారాంకు వరమున్నది!" అని ఇంకొకరు కేకలేశారు. అయ్యగారి కళ్లు మెరిశాయి. తుకారాం భుజం మీద చేయి వేసి, సంఘ పెద్దకు ఇంతకంటే ఏ సూచన కావాలి అన్నారు. అయితే పట్టిన దయ్యం మళ్లీ రాకుండా సుమిత్రమ్మకు ఆ నలభై దినాలు తప్పవన్నారు.

తుకారాం నోరు మూసుకుని ఉంటే చాలు, పదకొండేళ్ల కోరిక తీరిపోయేది. నా వంక చూశాడు. నేను కళ్లు దించుకున్నాను.

"వరం గాదు అయ్యగారూ," అన్నాడు. "బాల్కనీ టికెట్టు."

చెప్పేశాడు. ఓవర్‌టైం, మంకీ క్యాపు, పదకొండేళ్ల మార్నింగ్ షోలు, అన్నీ. ఆమెకు దయ్యం పట్టలేదని, ఆమె చేసిందంతా పోయిన వారం సినిమాలో ఉందని, కావాలంటే ఐదు తర్వాత ఏం చేస్తుందో కూడా తాను చేసి చూపిస్తానని చెప్పాడు. అయ్యగారు వద్దన్నారు.

అప్పుడు సుమిత్రమ్మ జుట్టు ముడేసుకుంటూ మాట్లాడింది. అంత పొడుగు సాక్ష్యం ఆమె నోట మేమెన్నడూ వినలేదు.

"నేను సుత పోయిన అయ్యగారూ. ఈయన అంగీ పిండుతుంటె టికెట్టు ముక్క దొరికింది. ఏ ఆడిదాని కోసం పోతుండో సూద్దామని ఎన్కనే పోయిన. బాల్కనీల రెండు లైన్లు ఎన్క కూసున్న. తెర మీద దయ్యం తప్ప ఆడిది ఎవ్వతి లేదు. పిక్చర్ మంచిగున్నది, మల్ల పోయిన. ఆదివారం మూడు గొట్టంగ సైకిల్ తీస్తడు. నేను గూడ రానా అని ఇయ్యాల పొద్దున అడిగిన. ఆడోళ్లకు పుట్బాల్ ఏందని నవ్విండు. పదకొండేండ్ల సంది నన్ను చర్చికి తప్ప ఏడికి తీస్కపోలే. ఎక్కు అని ఒక్కనాడు అన్లే." ఆమె ముడి బిగించింది. "నెమ్మదిగ అడిగితె ఎవ్వలు ఇంటలేరు. గందుకే దయ్యమైన."

అయ్యగారు కూర్చుని, చెంబులో మిగిలిన నీళ్లు తాగారు.

"ఈస్టరు నాడు నీ పేరు చదవలేను తుకారాం," అన్నారు చివరికి.

"ఎర్కే అయ్యగారూ."

"స్త్రీల సమాజం రిపోర్టు మాత్రం సుమిత్రమ్మే చదవాలి. ఇందాకటి గొంతుతో చదివితే మంచిది." చెంబు కింద పెట్టి, "మీ మ్యాచ్ ఎన్ని గంటలకు?" అని అడిగారు.

"సురువై అర్ధ గంటాయె."

"మరి ఇంకా ఇక్కడెందుకు?"

ఆ సాయంత్రం మా టీం రెండు ఒకటితో ఓడిపోయింది. సిద్దిరాములు మోకాలు మళ్లీ మోసం చేసింది. కానీ గ్రౌండుకు వెళ్లినవాళ్లు మ్యాచ్ గురించి చెప్పలేదు, సుమిత్రమ్మ గురించి చెప్పారు. సెకండాఫ్‌లో ఆమె వేసిన "పిలాతూ!" కేకకు రెఫరీ విజిల్ నోట్లోంచి జారిపోయిందట. తుకారాం మర్నాడు కాటా దగ్గర కనబడి, ఓడిపోయిన రోజు ఏడుపు రాకుండా ఇల్లు చేరడం ఇదే మొదటిసారి అన్నాడు. ఇద్దరూ సైకిల్ మీద మాట్లాడుకుంటూ వచ్చారట.

ఈస్టరు నాడు అయ్యగారు తుకారాం పేరున్న చోట నా పేరు చదివారు. నేను సినిమా చూడను, గ్రౌండు తొక్కను, కాబట్టి నాలో వంక పెట్టడానికి ఏమీ లేదు. భయపడేవాడికీ భక్తుడికీ తేడా కనిపెట్టడం కష్టం. పెద్దల మీటింగు ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలై ఐదు దాకా సాగుతుంది. సమాధుల దొడ్డి గోడ గురించి నాలుగు వారాలు మాట్లాడాం. సరిగ్గా మూడింటికి బయట రోడ్డు మీద సైకిల్ బెల్లు మోగేది. కిటికీలోంచి చూస్తే తుకారాం తొక్కుతూ, వెనక సీటు మీద సుమిత్రమ్మ ఒక చేత్తో పల్లీల పొట్లం పట్టుకుని, నాకు చెయ్యి ఊపుతూ పోయేవారు.

ఐదో వారం నాకు ఒళ్లు మండింది. గోడ సంగతి మీరే చూసుకోండని లేచి ఇంటికొచ్చాను. వసంతమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో ఎన్నడూ అడగని మాట, గొంతు సవరించుకుని అడిగాను.

"వసంతా, ఏం గావాలె నీకు?"

ఆమె చాట పక్కన పెట్టి నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. తాగొచ్చానేమోనని ముందుకు వంగి వాసన కూడా చూసింది. తర్వాత పీట నా ముందుకు జరిపింది.

"కూసో," అంది. "జెర్ర సేపు వడ్తది."